55 కేజీల మనిషికి ఇంత బిల్డప్పా? జపాన్ బాక్సర్ ఇనౌ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కాకినాడ_కాజా

నమస్తే అందరికీ. బాక్సింగ్‌లో నేను పూర్తి కొత్త, టైసన్ చెవి కొరికిన సంగతి తప్ప ఇంకేం తెలీదు. 2025 మేలో ఒక సోమవారం పొద్దున ఇడ్లీ తింటూ ఫోన్‌లో ఏదో నొక్కితే లాస్ వేగాస్ ఫైట్ లైవ్ వస్తోంది, నవోయా ఇనౌ అని జపాన్ అతను, చాలా పెద్ద ఛాంపియన్ అంట, అవతల కార్డెనాస్ అని పెద్దగా ఎవరికీ తెలీనోడు. రెండో రౌండ్‌లో ఆ తెలీనోడు ఎడమ చేత్తో ఒక్కటిచ్చాడు, ఛాంపియన్ గారు కింద. ఇడ్లీ ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. సరే అయిపోయింది అనుకున్నా కానీ లేచాడు, లేచి ఏమీ జరగనట్టు మళ్ళీ మీదమీదకే వెళ్ళి ఏడో రౌండ్‌లో వాణ్ణి పడేసి ఎనిమిదిలో రిఫరీ ఆపేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆ రోజు ఆఫీసుకి లేటు.

మళ్ళీ 2025 సెప్టెంబర్ 14న నగోయాలో అఖ్మదాలియెవ్ అనే ఉజ్బెక్ అతని మీద ఫైట్ చూశా. ఈసారి అసలు వేరే మనిషి! 12 రౌండ్లూ వచ్చి టక్కున తగిలించి వెనక్కి వెళ్ళిపోవడమే, అవతలివాడు చెయ్యి లేపేసరికి ఈయన అక్కడ ఉండడు. కొట్టుకోడానికి వచ్చినవాడు ఖాళీ గాలిని కొట్టుకుంటూ పోయాడు పాపం.

ఇది మా బాబాయ్‌కి చూపిస్తే, ఆయన ఏమన్నాడంటే "55 కేజీలంటే నేను ఇంటర్ చదివేటప్పటి బరువు, వీడు బాక్సరేంట్రా, ఫ్యాన్ అయిదులో పెడితే ఎగిరిపోతాడు" అని. నాకు సమాధానం రాలేదు. అసలు ఈయన ఎక్కణ్ణుంచి మొదలెట్టాడు, ఎందుకు బరువులు మారుస్తూ వెళ్తున్నాడు, నగోయా ఫైట్‌తో కలిపి 31 ఫైట్లు 31 గెలుపులు 27 నాకౌట్లు అంటున్నారు అందులో నిజంగా గట్టోళ్ళు ఎంతమంది, ఇప్పుడు కింద పడుతున్నాడంటే పనైపోతోందా? బాబాయ్‌కి ఒక్క ఫైట్ చూపించాలంటే ఏది చూపించాలి?

మూలకుర్చీ

బాబాయ్ గారికి ముందు ఈ మాట చెప్పు. ఆయన ఇంటర్‌లో 55 కేజీలు అన్నాడు కదా, ఇనోయె ప్రొఫెషనల్‌గా మొదలెట్టింది ఇంకా కింద, దగ్గర దగ్గర 49 కేజీల దగ్గర. లైట్ ఫ్లైవెయిట్ అంటారు, 108 పౌండ్లు, అంటే 48.99 కేజీలు దాటకూడదు. 2012 అక్టోబర్‌లో మొదటి ఫైట్, అప్పటికి 19 ఏళ్ళు. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్‌కి వెళ్దామని అమెచ్యూర్‌గా చాలా ట్రై చేశాడు, అస్తానాలో ఆసియా క్వాలిఫయింగ్ ఫైనల్లో కజకిస్తాన్ బాక్సర్ జాకిపోవ్ చేతిలో ఓడిపోయి ఆ దారి మూసుకుపోయింది. 31కి 31 అని రికార్డు చూస్తే ఈయనకి ఓటమంటేనే తెలీదనిపిస్తుంది, కానీ ప్రోగా వచ్చిందే ఒక ఓటమి మీద నుంచి.

నాలుగో ఫైట్‌కే జపాన్ టైటిల్. అప్పటి ఛాంపియన్ తగుచి, 10 రౌండ్లు నిలబడ్డాడు, ఇనోయెకి నిలబడి చివరిదాకా ఉన్నోళ్ళు చాలా తక్కువ కాబట్టి ఆ పేరు గుర్తుపెట్టుకో, తర్వాత అదే తగుచి ప్రపంచ ఛాంపియన్ అయ్యి రెండు బెల్టులు కలిపాడు. ఆరో ఫైట్, 2014 ఏప్రిల్ 6, మెక్సికో వాడు అడ్రియన్ హెర్నాండెజ్ మీద డబ్ల్యూబీసీ (ప్రపంచ బెల్టులిచ్చే నాలుగు సంస్థల్లో ఒకటి) ప్రపంచ టైటిల్. ఆరు ఫైట్లలో ప్రపంచ టైటిల్ అంటే అప్పటికి జపాన్‌లో రికార్డు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఫైట్ మళ్ళీ చూడు, మొదటి రెండు మూడు రౌండ్లు మెరుపు, తర్వాత కాళ్ళు ఆగిపోతాయి. ఎదుటివాడు కొట్టి కాదు, బరువు దింపుకోడానికి ఒంట్లో నీళ్ళన్నీ తీసేస్తే కాలు పట్టేసింది! ఎలాగో నిలబడి ఆరో రౌండ్‌లో కుడి చేత్తో పడేశాడు కాబట్టి సరిపోయింది, ఇంకో నాలుగు రౌండ్లు సాగితే ఏమయ్యేదో. పెరిగే వయసు, ఒళ్ళు పెరుగుతుంటే దాన్ని 49 కేజీల్లో కుక్కి కూర్చోబెట్టాడు. కొత్తగా కట్టిన బెల్టుని ఒక్కసారి డిఫెండ్ చేసి వదిలేశాడు.

తర్వాత చేసింది ఇంకా విచిత్రం. వరసగా అయితే ఫ్లైవెయిట్, 50.8 కేజీలు, అక్కడికి వెళ్ళాలి. అది అసలు ముట్టుకోకుండా దాటేసి ఏకంగా 52.16 కేజీల సూపర్ ఫ్లైవెయిట్‌కి వెళ్ళి 2014 డిసెంబర్ 30న నార్వాయెజ్ మీద పడ్డాడు. ఈ నార్వాయెజ్ అర్జెంటీనా వాడు, అప్పటికి 40కి పైగా ఫైట్లు గెలిచి ఒక్కటే ఓడాడు, జీవితంలో ఎవరూ కింద పడేయలేదు. ఇనోయె రెండు రౌండ్లలో నాలుగుసార్లు పడేశాడు! అయ్యాక నార్వాయెజ్ మనుషులు వచ్చి ఇతని గ్లవ్స్‌లో ఏమైనా పెట్టారేమో చూపించమన్నారు. విప్పి చూపించారు, లోపల చెయ్యే ఉంది.

ఆ చెయ్యి కూడా ఆ రాత్రే పాడైంది అది వేరే కథ, ఆపరేషన్ చేయించుకుని ఏడాది రింగ్ ఎక్కలేదు. 2015 డిసెంబర్ దాకా ఖాళీ.

నేను చెప్పేది ఏంటంటే, ఈయన బరువులు మార్చింది బెల్టులు పోగేసుకోడానికి అనుకుంటారు చాలామంది, నాకైతే అలా అనిపించదు. కడుపు మాడ్చుకున్న బరువులో సగం మనిషే, ఒంటికి తిండి దొరికే బరువుకి వెళ్ళాక పూర్తి మనిషి. 52, తర్వాత 53.5, 2023లో 55.3.

యోకోహామా_ఉల్లిపాయ

ముందు పేరు సరిచేసుకుందాం కాజా గారూ, ఇనౌ కాదు. జపనీస్‌లో ఇ, నో, ఉ, ఎ అని నాలుగు ముక్కలు, తొందరగా అంటే ఇనోయె అని వినపడుతుంది. ఇక్కడ ఆఫీసులో ఇనౌ అంటే ఒకాయన నన్ను చాలా జాలిగా చూశాడు.

నేను ఉండేది యోకోహామా, ఆయన జిమ్ కూడా ఈ ఊళ్ళోనే, ఒహాషి జిమ్. సొంతూరు జామా, ఇదే కనగావా జిల్లా. ఇక్కడ పద్ధతి మనకి కొత్తగా అనిపిస్తుంది, జపాన్‌లో ప్రో బాక్సర్ ఏదో ఒక జిమ్‌కి చెందాలి, ఆ జిమ్ ఓనరే మేనేజరు, దాదాపుగా అన్నీ. ఒహాషి గారు ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్, ఆయన బరువు ఇంకా తక్కువ, 47.6 కేజీలు, బాబాయ్ గారికి చెప్పకండి. ఇనోయె సంతకం పెట్టేటప్పుడు ఒక షరతు పెట్టాడంట, నాకు తేలికైన ఫైట్లు వద్దు, గట్టివాళ్ళతోనే పెట్టండి అని. 19 ఏళ్ళ కుర్రాడు!

ట్రైనర్ వాళ్ళ నాన్నే, షింగో గారు. ఆయనది ఇళ్ళకి రంగులు వేసే పని, సొంత కంపెనీ, తను కూడా అమెచ్యూర్‌గా బాక్సింగ్ చేసినాయన. పిల్లాడు ఒకటో క్లాసులో ఉన్నప్పుడు నాన్న ప్రాక్టీస్ చూసి నేనూ చేస్తా అన్నాడంట, అక్కడ మొదలు. తమ్ముడు తకుమా కూడా బాక్సరే. ఇప్పటికీ కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య బాక్సర్ కూర్చునే మూలలో, నాన్నే ఉంటాడు. ఈ రంగంలో తండ్రీకొడుకులు చాలామంది చివరికి కొట్టుకుని విడిపోతారు, వీళ్ళు ఇంకా కలిసే ఉన్నారు, నాకు ఆ రికార్డుల కన్నా ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

కింద పడ్డాడు అన్నారు కదా, మొదటిసారి పడినప్పుడు నేను అక్కడే ఉన్నా. 2024 మే 6, టోక్యో డోమ్, గోల్డెన్ వీక్ సెలవులు కాబట్టి కుదిరింది. నలభై మూడు వేల మంది అన్నారు. సుయిదోబాషి స్టేషన్లో దిగినప్పటి నుంచి తిరనాళ్ళే. నా సీటు పైన ఎక్కడో, రింగు అగ్గిపెట్టెంత, మేం చూసేదంతా పెద్ద స్క్రీన్ మీదే. ఆ డోమ్‌లో బాక్సింగ్ అంతకు ముందు జరిగింది 1990 ఫిబ్రవరిలో, టైసన్‌ని డగ్లస్ పడేసిన రాత్రి (బాబాయ్ గారికి ఇది చెప్పండి, పనికొస్తుంది). అదే ఫిబ్రవరిలో నాలుగు రోజుల ముందు, ఆ డోమ్ పక్కనే ఉన్న కొరకుయెన్ హాల్లో మన ఒహాషి గారు ప్రపంచ బెల్టు గెలిచారు.

అవతల లూయిస్ నేరీ, మెక్సికో. ఈ మనిషంటే ఇక్కడ జనానికి ఒళ్ళు మంట. 2017లో యమనకా అనే ఛాంపియన్‌ని కొట్టాడు, తర్వాత డోప్ టెస్టులో దొరికాడు, మళ్ళీ 2018లో అదే యమనకాతో రీమ్యాచ్‌కి బరువు దించకుండా ఎక్కువ బరువుతో వచ్చి కొట్టిపోయాడు, జపాన్ కమిషన్ బ్యాన్ చేసింది. అంటే ఇది ఊరి పగ లాంటిది. పేరు పిలిచేసరికే డోమ్ అంతా బూ.

మొదటి రౌండ్‌లోనే నేరీ ఎడమ హుక్ (పక్కనుంచి తిప్పి కొట్టే గుద్దు), ఇనోయె కింద. నలభై మూడు వేల మంది ఒకేసారి ఊపిరి లోపలికి తీసుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు విన్నా, అరుపు కాదు, ఒక రకమైన గాలి చప్పుడు. నా పక్కన ఒక ముసలాయన టవల్ మొహానికి అడ్డం పెట్టేసుకున్నాడు. స్క్రీన్ మీద చూస్తే ఈయన ఒంటి మోకాలి మీద ఉన్నాడు, కళ్ళు తేలిపోలేదు, కంగారుగా లేవలేదు, రిఫరీ ఎనిమిది అనేదాకా ఆగి అప్పుడు లేచాడు. జీవితంలో మొదటిసారి పడినవాడు మామూలుగా సిగ్గుతో వెంటనే లేచిపోతాడు కదా, ఈయన దొరికిన ఆ కాస్త టైం కూడా వాడేసుకున్నాడు. తర్వాతి రౌండ్‌లో నేరీ కింద, అయిదులో మళ్ళీ కింద, ఆరులో తాళ్ళ మీద పడి అక్కడితో అయిపోయింది. ముసలాయన టవల్ ఊపుతూ ఏడుస్తున్నాడు, నాకు ఆయన భాష సగమే అర్థమైంది, యమనకా పేరు మాత్రం వినపడింది.

డౌట్_మాస్టర్

అందరూ భజన చేస్తుంటే నేను ఒక్కణ్ణి అడ్డం పడతా ఏమనుకోకండి. మంచి బాక్సర్ కాదనను. కానీ ఎక్కువ ఫైట్లు సొంత దేశంలో, సొంత జనం మధ్య. 53.5 కేజీలకి వచ్చినప్పుడు మొదటి బెల్టు ఎవరి మీద గెలిచాడు, మెక్‌డొనెల్, ఆరడుగులకి దగ్గర్లో ఉండే మనిషి ఆ బరువుకి దిగడానికి ఎండిపోయి వేయింగ్‌కి లేటుగా వచ్చి శవంలా కనిపించాడు, వాణ్ణి 112 సెకన్లలో పడేస్తే అది గొప్పా? డొనెయిర్‌తో మొదటి ఫైట్ అప్పటికి డొనెయిర్‌కి 37 నిండబోతున్నాయి. 2025 జనవరిలో ఆడాల్సిన గుడ్‌మన్ కంటికి గాయమై తప్పుకుంటే బదులుగా కొరియా అతన్ని తెచ్చి నాలుగు రౌండ్లలో ముగించారు. పైగా నేరీ, కార్డెనాస్ ఇద్దరూ ఒకే రకం పంచ్‌తో పడేశారు, ఎడమ హుక్. ఆ కన్నం పెద్దదవుతోందని నాకు అనుమానం. 32 ఏళ్ళు వచ్చాయి, చిన్న బరువుల్లో రిఫ్లెక్సులు పోతే ఒక్కసారిగా పోతాయి.

పాలకొల్లు_పంచ్

డౌట్ మాస్టర్ గారూ మీరు సచిన్ మీద కూడా ఇలాగే అనేవారు కదా పాత థ్రెడ్‌లో 😄

డౌట్_మాస్టర్

ఆ థ్రెడ్ వేరు. అది ఇక్కడికి తేవద్దు.

ఇందూరు_గ్లవ్స్

నేను నిజామాబాద్‌ల పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్త, సాయంత్రం ఒక గంటన్నర. నేను టెక్నిక్ ముచ్చట చెప్త, ఎవరు గొప్ప అనేది మీరు తేల్చుకోండ్రి.

అన్నా, బాబాయ్ సాబ్ 55 కేజీలు ఏం కొడ్తడు అన్నడు కదా, ఆయనకి గిట్ల చెప్పు. బాడీ షాట్ అంటం మేము. ఎడమ చెయ్యి, మోచెయ్యి పక్కకు పెట్టుకొని, ఎదుటోని కుడి పక్క కింది పక్కటెముక కిందికెళ్ళి లోపలికి పైకి పోవాలె, గక్కడ లివర్ ఉంటది. మొఖం మీద తగిల్తె ఎంటనే తెలుస్తది, పడతడు లేకుంటె నిలబడతడు. గీ లివర్ షాట్ గట్ల కాదు, తగిలినంక ఒక సెకను ఏం గాదు, మనిషి ఇంకో అడుగు కూడ ఏస్తడు, అప్పుడు కాళ్ళు మాట ఇనవు. బుర్ర మంచిగనే ఉంటది, లేవాలె అని తెలుస్తది, ఒళ్ళు లేవదు. నా పిల్లలకు ప్యాడ్ పెట్టుకొని మెల్లగ ఒకటి చూపిస్తె చాలు, ఆ దినం ఎవ్వడూ చెయ్యి కిందికి దించడు.

ఇనోయె గ్లాస్గోల 2019 మేల రోడ్రిగెజ్ మీద చేసింది చూడుర్రి. రెండో రౌండ్. రోడ్రిగెజ్ అప్పటిదాక ఓడనోడు. మొదట హుక్‌తోని పడేసిండు, లేచినంక కడుపుల ఒకటి ఇచ్చిండు, కింద మోకాళ్ళ మీద కూసొని వాడు తన కార్నర్ దిక్కు చూసి తల అడ్డంగ ఊపుతున్నడు, నాతోని గాదు అన్నట్టు. పెద్ద ఛాంపియన్ గట్ల తల ఊపుడు నేను మల్ల చూడలె. 2021ల దస్మరినాస్ అయితె ఇంకా ఘోరం, లాస్ వేగాస్‌ల మూడో రౌండ్‌ల రెండుసార్లు కడుపు మీదనే పడిండు.

ఫుల్టన్ మీద 2023ల చూసిండ్రా? గది పిల్లలకు పాఠం లెక్క చూపిస్త. ఫుల్టన్ పొడుగోడు, దూరంకెళ్ళి ఆడ్తడు, ఓడలె అప్పటిదాక. ఇనోయె ఏడు రౌండ్లు మాటిమాటికి జాబ్ (ముందు చెయ్యితోని సూటిగ కొట్టే గుద్దు) కడుపు మీద ఏస్తనే ఉన్నడు, ఒక్కో జాబ్ చూస్తె ఏం లేదు, గుద్దినట్టె ఉండదు. ఎనిమిదో రౌండ్‌ల మల్ల కడుపుకి జాబ్ ఏసిండు, ఫుల్టన్ చేతులు అలవాటుగ కిందికి వొచ్చినయి, గా టైంకే కుడి చెయ్యి మొఖం మీదికి. వాడు ఎనకకు తూలుతుంటె ఎడమ హుక్‌తోని దుంకిండు. ఏడు రౌండ్ల సంది గా ఒక్క క్షణం కోసమే ఇత్తనాలు ఏసిండు.

బరువు ముచ్చట మూలకుర్చీ అన్న మంచిగ చెప్పిండు. మా ఊరి నిఖత్ జరీన్‌ని చూడుర్రి, 2022ల ఇస్తాంబుల్‌ల 52 కేజీలల్ల ప్రపంచ ఛాంపియన్ అయింది, కని పారిస్ ఒలింపిక్స్‌ల ఆడోళ్ళకు 52 లేకుండె, 50కి దిగాలె లేకుంటె 54కి పోవాలె. రెండు కేజీలె కదా అంటరు, ఎండిన చెరుకుల రసం తీసుడు అసొంటిది అది. దిగి 2023ల ఢిల్లీల మల్ల గోల్డ్ కొట్టింది, గొప్ప సంగతి. కని ఇనోయెకి పైకి పోయే ఛాన్స్ ఉండె, ప్రోల 17 బరువులు, చిన్న బరువులల్ల రెండు కేజీల లోపే ఒక మెట్టు. ఈమె కిందికి దిగింది. 2025 ఆగస్టుల టోక్యోల కొరకుయెన్ హాల్‌ల ఒక్కటే రాత్రి కొట్లాడిన ఇద్దరు బాక్సర్లు తలకాయ గాయాలతోని కొన్ని దినాలకు చనిపోయిండ్రు, మీకు ఎరికే ఉంటది. అప్పటి సంది అక్కడ నీళ్ళు తీసేసి బరువు దించే పద్ధతి మీద గట్టిగ మాట్లాడుతున్నరు. నా దగ్గర పదమూడేండ్ల పిలగాడు టోర్నమెంట్ కోసం అన్నం బంద్ చేస్త అంటె ఇంటికి తోలిన.

కాకినాడ_కాజా

ఇందూరు అన్నా, ఫుల్టన్ ఫైట్ ఇప్పుడే చూశా మీరు చెప్పినట్టే. కడుపు మీద జాబ్‌లు లెక్కపెడదామని కూర్చుని మధ్యలో లెక్క తప్పా. ముందే తెలిసి చూసినా ఆ కుడి చెయ్యి నాకు కనపడలేదు, స్లోలో పెట్టి చూశాను.

మూలకుర్చీ

డౌట్ మాస్టర్ గారికి. మెక్‌డొనెల్ విషయం ఒప్పుకుంటా, ఆ మనిషి ఆ రోజు సగం ప్రాణంతో వచ్చాడు, అయినా పదేళ్ళుగా ఓడనివాడు అని కూడా రాయాలి కదా మీరు. సొంత దేశం అన్నారు, కార్సన్, గ్లాస్గో, వేగాస్‌లో మూడుసార్లు, 2025 సెప్టెంబర్ దాకా అయిదు ఫైట్లు బయటే. మిగతావాళ్ళు జపాన్ ఎందుకు వస్తున్నారంటే డబ్బు అక్కడే ఎక్కువ, 55 కేజీల బాక్సర్‌కి డోమ్ నిండా జనం వచ్చే దేశం ఇంకోటి చెప్పండి. ప్రపంచ టైటిల్ ఫైట్లలో నాకౌట్లు 23, పాత హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ పేరున్న 22ని దాటింది కార్డెనాస్ ఫైట్ రోజునే. నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు ఉంటాయి ప్రతి బరువులో, ఆ నాలుగూ ఒకడి దగ్గరికి రావడమే అరుదు, ఈయన 53.5లో 2022 డిసెంబర్‌లో అన్నీ కట్టాడు, అవన్నీ వదిలేసి పైకెళ్ళి 2023 డిసెంబర్ 26న తపాలెస్‌ని పదో రౌండ్‌లో పడేసి అక్కడ కూడా నాలుగూ కట్టాడు. దాదాపు ఏడాదిలో! మగవాళ్ళలో ఇలా రెండు బరువుల్లో చేసింది అంతకు ముందు అమెరికా బాక్సర్ క్రాఫర్డ్ ఒక్కడే.

ఎడమ హుక్ కన్నం మాట మాత్రం కొట్టిపారేయను. కొట్టడానికి వెళ్ళేటప్పుడు కుడి చెయ్యి కాస్త దిగుతుంది, ముందు నుంచీ ఉన్నదే. తక్కువ బరువుల్లో దాన్ని వాడుకునేంత బలం అవతలివాళ్ళకి లేదు, పైకి వచ్చేకొద్దీ ఉంది. అందుకే నగోయాలో వేరే మనిషిలా కనపడ్డాడు కాజా గారికి, అఖ్మదాలియెవ్ రియో ఒలింపిక్ మెడలిస్టు, గట్టిగా కొట్టేవాడు, ఎదురెదురు నిలబడి కొట్టుకుంటే ప్రమాదమని తెలుసు, కాళ్ళతో ఆడాడు. ముగ్గురు జడ్జీలూ 118-110, 118-110, 117-111 ఇచ్చారు. నాకౌట్ లేదని కొందరు తిట్టారు, నాకు ఆయన కెరీర్‌లో బాగా నచ్చిన నాలుగైదు ఫైట్లలో అదొకటి. 57 కేజీలకి వెళ్తే మాత్రం ఆ కన్నం సంగతి తేలుతుంది, అక్కడ నాక్కూడా భయమే.

ఇక బాబాయ్‌కి చూపించాల్సింది డొనెయిర్ మొదటిది. వేరేది వద్దు. 2019 నవంబర్ 7, సైతామా. డొనెయిర్ ఫిలిప్పీన్స్ మనిషి, ముసలాడే, ఒప్పుకుంటా డౌట్ మాస్టర్ గారూ, కానీ ఆ ఎడమ హుక్‌కి ముసలితనం రాలేదు. రెండో రౌండ్‌లో అది ఇనోయె కుడి కంటికి తగిలింది. రెప్ప మీద చీలిక, నెత్తురు, అది అందరికీ కనపడింది. కనపడనిది ఏంటంటే కంటి కింద ఎముక విరిగింది. అక్కణ్ణుంచి ఇనోయెకి ఇద్దరు డొనెయిర్లు కనపడ్డారు! ఏం చేశాడో జాగ్రత్తగా చూడండి, కుడి గ్లవ్ ఎత్తి కంటికి అడ్డం పెట్టుకుంటాడు మధ్యమధ్యలో, మామూలుగా చూస్తే గార్డ్ పెట్టాడనే అనుకుంటాం, నిజానికి పాడైన కన్ను మూసి ఒక్క కన్నుతో ఒక్క డొనెయిర్‌ని చూస్తున్నాడు. దూరం అంచనా వేయాలంటే రెండు కళ్ళూ కావాలి, దారం సూదిలో ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసి చూడండి తెలుస్తుంది. అలా పది రౌండ్లు!

తొమ్మిదిలో డొనెయిర్ కుడి చెయ్యి తగిలి ఇనోయె ఊగిపోయాడు, పట్టుకుని వేలాడాడు. నాకౌట్ల మనిషి పట్టుకుని వేలాడటం మొదటిసారి చూశా. పదకొండులో ఇందూరు అన్న చెప్పిన ఆ ఎడమ చెయ్యి, లివర్. డొనెయిర్ వెనక్కి తిరిగి నాలుగడుగులు నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పదికి అంచుల దాకా వెళ్ళి లేచాడు, ఆ లేవడం కూడా చూడాల్సిందే. చివరికి 116-111, 117-109, మూడో జడ్జి మాత్రం 114-113, ఒక్క పాయింటు తేడా.

అదే రాత్రి అదే రింగులో తమ్ముడు తకుమా డబ్ల్యూబీసీ బెల్టు కోసం ఊబాలీ చేతిలో ఓడాడు. తర్వాత ఆ ఊబాలీని 2021లో పడేసి బెల్టు తీసుకుంది ఎవరనుకున్నారు, ఈ ముసలి డొనెయిరే. 2022 జూన్ 7న ఇనోయె మళ్ళీ డొనెయిర్‌తో ఆడి రెండో రౌండ్‌లోనే ముగించాడు, తమ్ముడి దగ్గర నుంచి జారిపోయిన బెల్టు అలా అన్న ఇంటికి వచ్చింది. ఆ నెలలోనే రింగ్ అనే బాక్సింగ్ మ్యాగజైన్ ఇనోయెని బరువులతో సంబంధం లేకుండా ప్రపంచంలో నంబర్ వన్ అని పెట్టింది, జపాన్ వాళ్ళలో అంతకు ముందు ఎవరికీ దక్కలేదు.

ఇంకొకటి మర్చిపోయా. ఆ సైతామా ఫైట్ గెలిచినవాడికి అలీ పేరుతో ఒక ట్రోఫీ ఉంది. డొనెయిర్ తన పిల్లలకి మాటిచ్చాడంట, పొద్దున లేచేసరికి ఆ ట్రోఫీ మీ ముందుంటుంది అని. ఓడిపోయాక ఇనోయె దగ్గరికెళ్ళి ఈ ఒక్క రాత్రికి అది ఇస్తావా అని అడిగాడు. ఇచ్చేశాడు.

డౌట్_మాస్టర్

ఆ తొమ్మిదో రౌండ్ మళ్ళీ చూశా ఇప్పుడే. 57 కేజీల గురించి నా అనుమానం నాకుంది. మిగతాది ఇక ఆపుతా.

కాకినాడ_కాజా

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక బాబాయ్‌ని కూర్చోబెట్టి డొనెయిర్ ఫైట్ టీవీలో వేశా. మొదటి నాలుగు రౌండ్లు "వీళ్ళిద్దరూ కలిపితే ఒక టైసన్" అని వాగుతూనే ఉన్నాడు. గ్లవ్ కంటికి అడ్డం పెట్టుకోవడం చూపించి ఎందుకో చెప్పాక ఆపాడు. తొమ్మిదో రౌండ్‌లో పిన్ని ఏదో అడిగితే ఉండవే అని కసిరాడు. పదకొండులో డొనెయిర్ వెనక్కి తిరిగి నడుస్తుంటే "వీడెక్కడికి పోతున్నాడ్రా" అని లేచి నిలబడ్డాడు. అయిపోయాక 55 కేజీల ప్రస్తావన తేలేదు, నేనూ ఎత్తలేదు, ఇది 53.5 అని అస్సలు చెప్పలేదు.

ట్రోఫీ సంగతి మాత్రం చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. పడుకోడానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగాడు, "మరి తెల్లారాక తిరిగి ఇచ్చేశాడా ఆ ఫిలిప్పీన్స్ ఆయన?" అని.